అబ్లేషన్ మధ్యలో దగ్గాను, "మ్యాపు జరిగింది" అన్నారు. ఏఎఫ్ మళ్ళీ రావడానికి అదే కారణమా?

గొలుసుకొలత

అందరికీ నమస్కారం. నాకు 57 ఏళ్ళు. భూమి కొలిచే పని, సర్వేయర్‌ని. గొలుసు పట్టుకుని మొదలుపెట్టాను, ఇప్పుడు టోటల్ స్టేషన్ (కోణాలు, దూరాలు కొలిచే యంత్రం) మీద ఉన్నాను. గుండె గురించి నాకు తెలిసింది తక్కువే. మ్యాపుల గురించి మాత్రం కొంచెం తెలుసు. ఆ కొంచెం తెలియడమే ఇప్పుడు నిద్ర పట్టనివ్వడం లేదు.

మూడేళ్ళ క్రితం సంగతి. ఐపీస్‌కి కన్ను ఆనించి నిలబడ్డాను. అలా నిలబడితే చెవిలో మన నాడి మనకే వినిపిస్తుంది. ముప్పై ఏళ్ళుగా అలవాటైన చప్పుడు. ఆ రోజు అది లెక్కకు అందలేదు. నాలుగు గబగబా కొట్టుకుంటుంది, ఒకటి ఆగుతుంది, మళ్ళీ రెండు, మళ్ళీ ఏడు. వరసే లేదు. ఈసీజీ తీసి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (ఏఎఫ్) అన్నారు, గుండె పై గదులు వరస తప్పి కొట్టుకోవడమట. దానంతట అదే వచ్చి పోయే రకం, కాగితం మీద 'పరాక్సిస్మల్' అని రాశారు. మందులతో కొంతకాలం నెట్టుకొచ్చి, 14 నెలల క్రితం అబ్లేషన్ చేయించుకున్నాను. సన్నటి తీగ లాంటి క్యాథెటర్ని గుండెలోకి పంపి, ఏఎఫ్ పుట్టించే కరెంటు దారిని రేడియో ఫ్రీక్వెన్సీతో కాల్చి మూసే పద్ధతి. పూర్తి మత్తు ఇవ్వలేదు. మగతగా ఉండే ఇంజెక్షన్ ఇచ్చారు, మధ్య మధ్యలో మాటలు వినిపిస్తూనే ఉన్నాయి.

అసలు విషయం ఇక్కడుంది. దుమ్ములో తిరిగే పని కాబట్టి నాకు పొడిదగ్గు ఉంది. బల్ల మీద ఉన్నప్పుడు ఆపుకోలేక ఒకసారి గట్టిగా దగ్గాను, ఒళ్ళంతా కదిలింది. వెంటనే అద్దం అవతల నుంచి ఎవరో "సార్, మ్యాపు జరిగింది" అన్నారు. మ్యాపంటే గుండె లోపలి గోడని కొలిచి తెరమీద గీసిన బొమ్మ, అది చోటు తప్పిందన్నమాట. నాకు మగత దిగిపోయినట్టయింది. మా పనిలో త్రిపాదికి కాలు తగిలితే ఏమవుతుందో నాకు తెలుసు. తగిలిన క్షణం నుంచి తీసిన ప్రతి పాయింటూ తప్పే. మళ్ళీ బెంచ్ మార్క్ (కొలత ముందే తెలిసిన గుర్తు) దగ్గరకి పోయి మొదలుపెట్టాలి. వాళ్ళు అలా చేశారో లేదో తెలియదు. ఐదు నిమిషాలు ఏవో మాట్లాడుకుని పని సాగించారు.

ఎనిమిది నెలలు హాయిగా ఉన్నాను. తర్వాత మళ్ళీ మొదలైంది. ఇప్పుడు వస్తే ఒక్కోసారి రెండు రోజులు పోదు. డాక్టర్ గారు ఎకో తీసి, హోల్టర్ (ఒంటికి కట్టుకుని తిరిగే ఈసీజీ) పెట్టి, రెండోసారి అబ్లేషన్ చేద్దాం, మళ్ళీ మ్యాపింగ్ చేసి చూద్దాం అన్నారు. "పాత మ్యాపు ఉంది కదా సార్, మళ్ళీ ఎందుకు" అని అడిగితే "అది మీకెందుకండీ, మేం చూసుకుంటాం" అన్నారు. ఆయన్ని తప్పు పట్టడం లేదు, బయట నలభై మంది కూర్చుని ఉన్నారు.

డిశ్చార్జ్ కాగితాలతో పాటు ఒక రంగుల బొమ్మ ఇచ్చారు. ఎడమ కర్ణిక, అంటే గుండె ఎడమ పై గది, దానికి నాలుగు గొట్టాలు, ఊపిరితిత్తుల నుంచి వచ్చే సిరలు. ఊదా, నీలం, ఆకుపచ్చ, ఎరుపు. మీద కాల్చిన చోట్ల ముదురు ఎరుపు గుండ్రాలు వరసగా, గొట్టాల చుట్టూ దండలు వేసినట్టు. భూతద్దం పెట్టి చూశాను. కొన్నిచోట్ల సన్నటి చుక్కలు గుంపుగా ఉన్నాయి. వెనక గోడ మీద అరచేయంత మేర నా కంటికి చుక్కే కనబడలేదు. అయినా అక్కడ నున్నగా ఊదా రంగు పూసి ఉంది. పాయింట్ తీయని చోట రంగెలా వచ్చింది? మా ఆఫీసులో ఇలాంటి షీటు ఇస్తే వెనక్కి విసిరేస్తారు.

మూడు ప్రశ్నలు. నా దగ్గు వల్ల కాల్చిన గీత తప్పుచోట పడిందా? ఆ ఊదా రంగుని నమ్మొచ్చా? రెండోసారి మ్యాపు నిజంగా పనికొస్తుందా, లేక అదొక తంతా? ఎపిక్సబాన్ (రక్తం గడ్డకట్టకుండా), మెటోప్రొలాల్ (గుండె వేగం తగ్గడానికి) వాడుతున్నాను.

మళ్ళీలయ

అన్నా, నాది కూడా ఇదే కథ, దగ్గు ఒక్కటే లేదు. మొదటిది అయిన 11 నెలలకు తిరగబెట్టింది. రెండోది అయి రెండేళ్ళు దాటింది, ఇప్పటిదాకా రాలేదు. రెండోసారి చాలా తొందరగా అయింది. కుడివైపు కింది సిర దగ్గర ఒక్క చోట సందు దొరికిందట, అక్కడ మూసేశారు. మిగతా మూడూ బాగానే ఉన్నాయని చెప్పారు. కాబట్టి భయపడకు.

ఒకటి అడగాలనుకున్నాను. ఒంటిమీద జాకెట్‌లా వేసి, గుండెలోకి పోకుండానే మ్యాపు తీసే పద్ధతి ఉందని చదివాను. ముందు అది చేయించుకుంటే ఎక్కడ తప్పుందో తెలిసిపోతుంది కదా?

అన్నట్టు, ఇంటికొచ్చాక రెండు మూడు వారాలకి జ్వరం గానీ, మింగితే నొప్పి గానీ వస్తే మాత్రలు వేసుకుని కూర్చోకు, నేరుగా అబ్లేషన్ చేసిన వాళ్ళకే ఫోన్ చెయ్యి. అన్నవాహికకి గాయమైతే అలా బయటపడుతుందట. చాలా అరుదు, కానీ వస్తే ప్రాణం మీదకే. నాకు డిశ్చార్జ్ రోజు నర్సు గారు రెండుసార్లు చెప్పి పంపారు.

రెండోతెర

బాబాయ్ గారూ, మీ పోస్టు చదివాక ఊరుకోలేకపోయాను. ఆ "మ్యాపు జరిగింది" అనే మాట రోజూ అనేదాన్ని నేనే. అంటే మీ కేసులో కాదు, మా ల్యాబ్‌లో. మ్యాపింగ్ మెషీన్ ముందు కూర్చునే టెక్నీషియన్‌ని, తొమ్మిదేళ్ళ నుంచి. డాక్టర్‌ని కాను, కాబట్టి వైద్యం గురించి చెప్పను. మ్యాపు గురించి చెప్తాను.

మీరు సర్వేయర్ కాబట్టి నా పని సులువు. ఎక్కువగా వాడే ఒక రకం మెషీన్‌లో, మీరు పడుకున్న బల్ల కింద మూడు అయస్కాంత కాయిల్స్ ఉంటాయి. ఒక్కోటీ ఒక్కో ఫ్రీక్వెన్సీలో చాలా బలహీనమైన క్షేత్రాన్ని పుట్టిస్తుంది. క్యాథెటర్ కొనలో చిన్న సెన్సర్. ఏ కాయిల్ బలం ఎంత అందుతోందో దాన్నిబట్టి ఎంత దూరంలో ఉందో లెక్క. తెలిసిన మూడు రాళ్ళ నుంచి దూరాలు తీసుకుని తెలియని నాలుగోది పట్టుకోవడం మీకు కొత్త కాదు కదా. ఇది మొదట 1990లలో వచ్చింది. మంచి పరిస్థితిలో మిల్లీమీటర్ అటూ ఇటూగా చూపిస్తుంది. ఇంకో రకం మెషీన్లలో ఒంటికి అతికించిన ప్యాచ్‌ల మధ్య సన్నటి కరెంటు పంపి, ఎక్కడెంత నిరోధం ఉందో చూసి చోటు పట్టుకుంటారు. ఇప్పుడు చాలావాటిలో రెండూ కలిపి వాడుతున్నారు.

చోటు తెలిస్తే సగం పని. ఆ చోట గోడకి ఆనించినప్పుడు రెండు ఎలక్ట్రోడ్ల మధ్య ఎంత వోల్టేజీ వచ్చిందనేది రెండోది. ఎప్పుడు వచ్చిందనేది మూడోది. ఎప్పుడు అనడానికి ఒక గడియారం కావాలి కాబట్టి కరోనరీ సైనస్ అనే సిరలో ఇంకో క్యాథెటర్ని కదలకుండా పెట్టి ఉంచుతారు. చోటు, వోల్టేజీ, సమయం, ఈ మూడూ కలిస్తే ఒక పాయింట్. ఒకప్పుడు ఒక్కో పాయింటూ ఆనించి ఆనించి, వంద పాయింట్లకి చాలాసేపు పట్టేది. ఇప్పుడు ఐదు వేళ్ళ చేయిలా విచ్చుకునే క్యాథెటర్లున్నాయి, ఇరవై ఎలక్ట్రోడ్లవి. చిన్న జల్లెడలా నాలుగు వరసల్లో పదహారు ఎలక్ట్రోడ్లున్నవీ ఉన్నాయి. డాక్టర్ గారు లోపల గోడ మీద అలా తడుముకుంటూ పోతే పది పదిహేను నిమిషాల్లో వేల పాయింట్లు పడతాయి. పడినవన్నీ ఉంచం. గోడకి సరిగ్గా ఆననివీ, ఎక్స్‌ట్రా బీట్ వచ్చినప్పుడు పడినవీ కొట్టేయడం నా పని. కొట్టేయడమే ఎక్కువ పని, నిజం చెప్పాలంటే.

ఇప్పుడు మీ దగ్గు. దగ్గినప్పుడు ఛాతీ ఎగురుతుంది, వీపు బల్ల మీద జరుగుతుంది, రిఫరెన్స్ ప్యాచ్‌లు చర్మంతో పాటు కదులుతాయి. దాంతో తెరమీద బొమ్మ ఒకచోట, గుండె ఇంకోచోట. మీ త్రిపాదికి కాలు తగిలినట్టే. ఇది మాకు ఎలా తెలుస్తుందంటే, మ్యాపు మొదలుపెట్టే ముందే ఆ కరోనరీ సైనస్ క్యాథెటర్ ఉన్న చోట దాని 'నీడ' ఒకటి తెరమీద దాచుకుంటాం. అదే మా బెంచ్ మార్క్. దగ్గు తర్వాత క్యాథెటర్ ఆ నీడలోంచి బయటికొచ్చి పక్కన నిలబడితే, జరిగిందని అర్థం. క్యాథెటర్ ఒక్కటే జారిందా, మ్యాపంతా జరిగిందా అని ఇంకో చోట ఆనించి సరిచూసుకుంటాం. చిన్న తేడా అయితే సరిదిద్దడం, పెద్దదైతే ఆ భాగం మళ్ళీ తీయడం. మీరు చెప్పిన ఆ ఐదు నిమిషాలు నాకు సరిగ్గా ఆ పనిలాగే అనిపిస్తోంది. పైకి అన్నారంటే చూశారని. చూడకుండా పోతేనే ప్రమాదం.

అసలు మీకు తెలియాల్సింది ఇంకోటి ఉంది. సిర చుట్టూ కాల్చిన గీత పూర్తయిందా లేదా అని తేల్చేది రంగుల బొమ్మ కాదు. సిరలో పెట్టిన క్యాథెటర్. ఇది ఎలా ఉంటుందో చెప్తాను, ఎందుకంటే తొమ్మిదేళ్ళయినా నాకు ఇప్పటికీ దీనికోసమే డ్యూటీకి రావాలనిపిస్తుంది. సిరలో పెట్టిన గుండ్రటి క్యాథెటర్ మీద ఒక్కో బీట్‌కీ రెండు గీతలొస్తాయి. మొదటిది మొద్దుగా ఉంటుంది, అది పక్కనున్న కర్ణికది. దాని వెనకే సూదిలా ఇంకోటి, అది సిరలోని కండరానిది. డాక్టర్ గారు సిర ముఖం చుట్టూ కాలుస్తూ వస్తుంటే ఆ సూది కొంచెం కొంచెంగా వెనక్కి జరుగుతుంది. కరెంటు దగ్గరి దారి మూసుకుపోయి చుట్టు తిరిగి వస్తోందన్నమాట. తర్వాత ఒక బీట్‌కి వచ్చి, ఒక బీట్‌కి రాకుండా పోతుంది. గదిలో ఎవరూ మాట్లాడరు. ఇంకో నాలుగు బీట్లు. మొద్దు గీత ఒక్కటే మిగులుతుంది, దాని వెనక చదునుగా గీత. ఆ సిర విడిపోయినట్టు. తర్వాత సిర లోపలి నుంచి పేసింగ్ చేసి, అంటే చిన్న కరెంటు దెబ్బలు ఇచ్చి, అవి బయటికీ పోవడం లేదని చూస్తారు. కాసేపు ఆగి మళ్ళీ చూస్తారు.

అంటే మ్యాపు రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ అయినా, గీతలో సందు మిగిలితే ఆ సూది పోదు. పోకపోతే డాక్టర్ వదలరు. మీ రిపోర్టులో 'ఎంట్రన్స్ బ్లాక్' (కరెంటు సిరలోకి పోకపోవడం), 'ఎగ్జిట్ బ్లాక్' (బయటికి రాకపోవడం) అనే మాటలు నాలుగు సిరలకీ ఉన్నాయేమో చూడండి. ఉంటే ఆ రోజు పని పూర్తయిందనే అర్థం, దగ్గుతో సహా.

ఊదా రంగు సంగతి. మీరు పట్టుకున్నది నిజమైన లోపమే. రెండు పాయింట్ల మధ్య ఖాళీని ఎన్ని మిల్లీమీటర్ల దాకా రంగుతో నింపాలో మెషీన్‌కి మేమే నంబర్ ఇస్తాం. పెద్ద నంబర్ ఇస్తే బొమ్మ అందంగా ఉంటుంది, చిన్నదిస్తే చిల్లులు చిల్లులుగా నిజం కనబడుతుంది. రంగుల హద్దులు కూడా మేం పెట్టినవే. 0.5 మిల్లీవోల్టుల పైన ఊదా, అంటే ఆరోగ్యంగా ఉన్న కండరం. కిందికి దిగేకొద్దీ నీలం, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు. బాగా తక్కువైతే మచ్చ, అంటే చచ్చిన కండరం. ఆ హద్దుని 0.5 నుంచి 1కి మార్చానంటే అదే గుండె అప్పటికప్పుడు జబ్బుపడినట్టు కనబడుతుంది. అందుకే కాగితం మీద బొమ్మ చూసి ఎవరూ ఏమీ తేల్చలేరు. ఫైలు తెరిచి చూడాలి. మొదటిసారి సిరల వరకే పని అనుకున్నప్పుడు వెనక గోడ మీద పాయింట్లు పెద్దగా తీయకపోవడం మామూలే.

మళ్ళీలయ గారూ, జాకెట్ సంగతి. 252 ఎలక్ట్రోడ్లుండేది ఒకటి వచ్చింది. దాంతో పాటు సీటీ స్కాన్ తీసి, ఒంటిమీద దొరికిన సిగ్నల్ నుంచి గుండె పైపొర మీద ఏం జరుగుతోందో లెక్కగట్టి చూపిస్తుంది. లెక్కగట్టి అనేది గుర్తుపెట్టుకోండి. బాబాయ్ గారి భాషలో కొండ ఎత్తు దూరం నుంచి కోణం చూసి చెప్పడం లాంటిది. రెండు కర్ణికల మధ్య గోడ దానికి సరిగ్గా అందదు. పాత గీతలో మిల్లీమీటర్ సందు వెతకాలంటే లోపలికి పోయి ఆనించాల్సిందే.

గొలుసుకొలత

అమ్మా, ఎంత ఓపిగ్గా రాశావు. కొట్టేయడమే ఎక్కువ పని అన్న మాట దగ్గర నవ్వొచ్చింది, మాదీ అంతే.

రిపోర్టు తీసి చూశాను. "ఆల్ ఫోర్ పీవీస్ ఐసోలేటెడ్, ఎంట్రన్స్ అండ్ ఎగ్జిట్ బ్లాక్ కన్ఫర్మ్డ్ ఆఫ్టర్ 30 మినిట్స్" అని ఉంది, పీవీలంటే ఆ నాలుగు సిరలే. ఇది చదివాక గుండె మీద బరువు కొంత దిగింది. కానీ ఇంకో చిక్కొచ్చింది. ఆ రోజు అంతా మూసుకుంటే మరి తిరిగి ఎందుకు వచ్చింది? హద్దురాయి పాతాక అది తనంతట తాను నడిచిపోదు కదా.

రాత్రిడ్యూటీ_ఈపీ

నడిచిపోతుంది సార్. గుండెలో హద్దురాళ్ళు నడుస్తాయి. ఎలక్ట్రోఫిజియాలజిస్ట్‌ని, అంటే గుండె కరెంటు చూసే డాక్టర్ని, రోజూ చూసేది అదే.

వేడితో కాల్చినప్పుడు ఆ చోట కొంత కండరం చచ్చిపోతుంది. దాని చుట్టూ ఇంకొంత వాచి, మొద్దుబారి ఊరుకుంటుంది. ఆ రోజు రెండూ ఒకేలా మౌనంగా ఉంటాయి. సూది గీత రాదు, అరగంట ఆగినా రాదు. కొన్ని వారాలకి వాపు దిగాక చచ్చింది చచ్చినట్టే ఉంటుంది, మొద్దుబారింది లేచి కూర్చుంటుంది. అక్కడ ఒక సన్నటి దారి తెరుచుకుంటుంది. సిరలోంచి మళ్ళీ కరెంటు బయటికి. రెండోసారి వచ్చేవాళ్ళలో మేం చాలా తరచుగా చూసేది ఇదే. మీ దగ్గుకి దీంతో సంబంధం ఉందనుకోను. గోడ మందంగా ఉన్నచోట, క్యాథెటర్ నిలకడగా ఆననిచోట ఇలా జరుగుతుంది. ఎడమ సిరలకీ ఎడమ కర్ణిక సంచికీ మధ్య గట్టులా ఒకటి ఉంటుంది, అక్కడ క్యాథెటర్ జారిపోతుంటుంది.

సిరలనే ఎందుకు పట్టుకున్నామనేది చెప్తే మీ మూడో ప్రశ్నకి దారి దొరుకుతుంది. చాలా ఏళ్ళు ఏఎఫ్ అంటే కర్ణికంతా ఒకేసారి రగులుతున్న మంట అనుకున్నారు. నిమిషానికి 350 నుంచి 600 సార్లు కొట్టుకునే కర్ణికలో మొదలు ఎక్కడ, చివర ఎక్కడ? 1987లో జేమ్స్ కాక్స్ అనే సర్జన్ గుండె తెరిచి, కరెంటు ఎటుపోయినా గోడ తగిలేలా కర్ణికని కోసి కుట్టాడు. మేజ్ అంటారు, చిక్కుదారి. పనిచేసింది, కానీ పెద్ద ఆపరేషన్. 1998లో ఫ్రాన్స్‌లోని బోర్డో నుంచి మిషెల్ హైసగేర్ బృందం 45 మందిలో ఏఎఫ్ మొదలయ్యే క్షణాన్ని మ్యాపు చేసింది. మంట రగిలాక కాదు, నిప్పురవ్వ పడే క్షణాన్ని. 69 చోట్లు దొరికితే 65 ఈ సిరల్లోనే, అంటే పల్మనరీ వెయిన్లలోనే ఉన్నాయి. ఈరోజు మేం చేసే పనంతా ఆ ఒక్క మ్యాపు మీద నిలబడి ఉంది.

ఆ తర్వాత మాకు ఆశ పుట్టింది. రవ్వని పట్టుకున్నాం, మంటని కూడా మ్యాపు చేద్దామని. చిందరవందరగా ఉన్న సిగ్నళ్ళు ఉన్నచోటల్లా కాల్చి చూశారు. సుడులు వెతికి వాటి నడిబొడ్డున కాల్చారు, 2012లో దాని ఫలితాలు చూసి అందరం ఉత్సాహపడ్డాం. తర్వాత చీటీ వేసినట్టు ఇటు కొందరిని అటు కొందరిని పెట్టి పోల్చి చూస్తే ఆ లాభం నిలబడలేదు. 2015లో వచ్చిన స్టార్ ఏఎఫ్ 2 అనే ట్రయల్ మా గర్వం కొంచెం దించింది. ఏఎఫ్ దానంతట అది తగ్గకుండా నిలిచిపోయినవాళ్ళు 589 మంది. కొందరికి సిరలు మాత్రమే, కొందరికి సిరలతో పాటు చిందరవందర సిగ్నళ్ళు, కొందరికి సిరలతో పాటు అదనపు గీతలు. 18 నెలలకి ఏఎఫ్ తిరిగి రానివాళ్ళు వరసగా 59, 49, 46 శాతం. ఎక్కువ కాల్చిన కొద్దీ లాభం లేదు.

కారణం మీకు తొందరగా అర్థమవుతుంది. మ్యాపు తీయాలంటే కొలిచేది కదలకుండా ఉండాలి. ఇక్కడ పాయింట్ తీసి పక్కకి వెళ్ళేలోపు ఏఎఫ్‌లో ఆ మొదటి పాయింట్ మారిపోతుంది. ప్రవహిస్తున్న నీటి మీద గొలుసు వేయడమే. ఈమధ్య కంప్యూటర్‌కి నేర్పించి, ఏ సిగ్నళ్ళు ముఖ్యమో దాన్ని ఎంచమంటున్నారు. 2025లో వచ్చిన టైలర్డ్ ఏఎఫ్ ట్రయల్‌లో 374 మంది. ఏడాదికి ఏఎఫ్ లేనివాళ్ళు ఆ పద్ధతిలో 88 శాతం, మామూలుగా సిరలు మాత్రమే చేసిన వాళ్ళలో 70. బాగుంది. కానీ ఏఎఫ్‌తో పాటు ఫ్లట్టర్ లాంటి మిగతా కర్ణిక లయ తప్పులన్నీ కలిపి లెక్కేస్తే, ఒకే అబ్లేషన్ తర్వాత చెప్పుకోదగ్గ తేడా లేదు, ఆపరేషన్ సమయం మాత్రం బాగా పెరిగింది. నేను ఆసక్తిగా చూస్తున్నాను, ఇంకా మనసు ఒప్పుకోలేదు.

అందుకని మీ కేసులో మ్యాపు తంతు కాదు. మొదటిసారి కన్నా రెండోసారే అది ఎక్కువ పనికొస్తుంది. మొదటిసారి ఎక్కడ కాల్చాలో శరీర నిర్మాణమే చెబుతుంది, సిరల ముఖాలెక్కడుంటే అక్కడ. రెండోసారి మాకు తెలియనిది ఉంటుంది. ఏ సిర తెరుచుకుంది, ఎక్కడ తెరుచుకుంది. పాత మ్యాపు దీనికి పనికిరాదు, ఎందుకంటే అది కాల్చకముందు తీసిన సర్వే. నాలుగూ మూసుకునే ఉంటే అప్పుడు వెనక గోడ, మచ్చలు, ఇంకేదైనా ఫ్లట్టర్ దాక్కుందా అని చూస్తారు. ఫ్లట్టర్ అయితే మ్యాపుకి పండగే. అది ఒకే దారిలో గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి ఎరుపు నుంచి ఊదా దాకా రంగులు వరసగా తిరిగి, మొదలూ చివరా ఒకచోట కలుస్తాయి.

రెండోతెర గారు చెప్పినదాంట్లో ఒకటి కలుపుతాను. వోల్టేజీ మ్యాపు ఏఎఫ్ నడుస్తుండగా తీశారా, మామూలు లయలో తీశారా అనేది తప్పక అడగండి. ఏఎఫ్‌లో తీస్తే వోల్టేజీలు తక్కువగా వస్తాయి, మంచి కండరం కూడా మచ్చలా కనబడొచ్చు. కరెంటు అల ఎలక్ట్రోడ్ల జంటకి అడ్డంగా పోయినా తక్కువే చూపిస్తుంది.

ఎపిక్సబాన్ మాత్రం మీ అంతట మీరు ఒక్క పూట కూడా ఆపొద్దు. ముందురోజు, ఆ ఉదయం ఏం చేయాలో చేసే డాక్టర్ చెబుతారు. లయ బాగుపడ్డాక కూడా కనీసం రెండు మూడు నెలలు వాడాలి. ఆ తర్వాత ఆపాలా వద్దా అనేది పక్షవాతం రిస్కుని బట్టి, ఏఎఫ్ కనబడడం లేదని కాదు. ఇక్కడ చాలామంది తప్పు చేస్తారు.

గొలుసుకొలత

సార్, "కాల్చకముందు తీసిన సర్వే" అన్న ఒక్క మాటతో పాత మ్యాపు మీద ఆశ వదులుకున్నాను. సబ్ డివిజన్ అయ్యాక పాత షీటు పట్టుకుని తిరిగేవాళ్ళని నేనే ఎంతమందిని తిట్టానో.

*(పది రోజుల తర్వాత)*

మళ్ళీ వెళ్ళొచ్చాను. ఈసారి ప్రశ్నలు కాగితం మీద రాసుకుని, ఓపీ చివర్లో లోపలికి వెళ్ళాను. డాక్టర్ గారు మొదట విసుక్కున్నారు. "సార్, వోల్టేజీ మ్యాపు ఏఎఫ్‌లో తీశారా, సైనస్‌లోనా" అని అడిగేసరికి తలెత్తి చూశారు. "ఎవరు చెప్పారు మీకు" అన్నారు. నవ్వి ఊరుకున్నాను. తర్వాత ఆయనే ల్యాబ్‌లోకి తీసుకెళ్ళి ఫైలు తెరిపించారు.

మొత్తం 1,140 పాయింట్లు. సైనస్ లయలోనే, అంటే మామూలు లయలోనే తీశారు. వెనక గోడ తిప్పి చూపించి, రంగు నింపే నంబర్ తగ్గించమన్నారు. ఆ ఊదా రంగంతా పోయింది. పెద్ద చిల్లు, మధ్యలో తొమ్మిది పాయింట్లు చెల్లాచెదురుగా. "మీరన్నది నిజమే, ఇక్కడ మేం చూడలేదు, ఆ రోజు అవసరం అనుకోలేదు" అన్నారు. ఆ మాట అనడం నాకు నచ్చింది. ఈసారి ముందు నాలుగు సిరలూ చూసి, తర్వాత వెనక గోడ పూర్తిగా తీస్తామన్నారు.

మ్యాపు పక్కకి జరిగిన సంగతి కూడా ఉంది ఫైల్లో. సమయంతో సహా రాసి పెట్టారు: షిఫ్ట్ 4 మిల్లీమీటర్లు, ఎడమ సిరల వైపు మళ్ళీ తీశారు. ఫీల్డ్ బుక్‌లో రాసినట్టే. పద్నాలుగు నెలలు మోసిన బరువు ఆ ఒక్క వరస చదివాక పోయింది.

తేదీ ఇచ్చారు. మళ్ళీ మగత ఇంజెక్షనేనా అంటే, దగ్గు ఉంది కాబట్టి ఈసారి పూర్తి మత్తు ఇస్తామన్నారు. రెండోతెర అమ్మా, పూర్తి మత్తులో అయితే మ్యాపు ఇక జరగదా?

రెండోతెర

చాలా తగ్గుతుంది బాబాయ్ గారూ. ఊపిరి మెషీన్ చేతిలో ఉంటుంది కాబట్టి ఒకే లయలో పైకీ కిందికీ, దాన్ని లెక్కలోంచి తీసేయడం మెషీన్‌కి సులువు. క్యాథెటర్ కూడా గోడకి నిలకడగా ఆనుతుంది. అసలు జరగదని మాత్రం చెప్పను. మధ్యలో లయ సరిచేయడానికి కార్డియోవర్షన్ షాక్ ఇస్తే ఒళ్ళు ఎగురుతుంది, అప్పుడూ జరుగుతుంది. అందుకే షాక్ తర్వాత మొదట చూసేది నీడనే.

దగ్గుకి మందు ఏదైనా వాడుతుంటే మత్తు డాక్టర్‌కి ముందే చెప్పండి. అయ్యాక కాళ్ళు చాపుకుని కొన్ని గంటలు కదలకుండా పడుకోవాలి, గజ్జల్లో క్యాథెటర్లు పెట్టిన చోట రక్తం రాకుండా. అప్పుడు దగ్గొస్తే అక్కడ చేత్తో గట్టిగా నొక్కిపెట్టుకుని దగ్గండి, నర్సుని పిలవండి.

తొమ్మిది పాయింట్ల మాట మా సార్‌కి చెప్పాను. నవ్వలేదు. నిన్నటి కేసులో నంబర్ తగ్గించమన్నారు.